గేమ్ డిలీట్ చేస్తే సేవ్ డేటా కూడా పోతుందా? పాత కన్సోల్ అమ్మే ముందు ఏం చేయాలి?

ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ లాంటి వీడియో గేమ్ కన్సోళ్లలో ‘డిలీట్’ అంటే మూడు వేర్వేరు పనులు. గేమ్‌ను తీసేయడం ఒకటి. ఆ గేమ్‌లో మీరు ఎంతవరకు ఆడారో దాచి ఉంచే సేవ్ డేటాను తీసేయడం రెండోది. మీ ఖాతాను ఆ కన్సోల్ నుంచి తప్పించడం మూడోది. గేమ్‌ను తీసేసినంత మాత్రాన మిగతా రెండూ జరగవు.

ఈ తేడా తెలియక నష్టం రెండు రకాలుగా జరుగుతుంది. చోటు కోసమని సేవ్ డేటా చెరిపేస్తే పిల్లలు నెలల తరబడి ఆడింది ఒక్క నొక్కుతో పోతుంది. గేమ్‌లు మాత్రమే తీసేసి కన్సోల్ అమ్మేస్తే, మీ ఖాతా, వ్యాలెట్‌లోని డబ్బు కొన్నవాళ్ల చేతికి వెళ్తాయి.

జగ్గయ్యపేట, నందిగామ లాంటి పట్టణాల వారికి ఇది ఇంకాస్త ముఖ్యం. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని ఈ రెండు పట్టణాలు 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి 65 వీటిని అటూ ఇటూ ఉన్న రెండు పెద్ద నగరాలతో కలుపుతోంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్న కొత్తది కొని పాతది ఊళ్లో తమ్ముడికి ఇచ్చినా, మీరే ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టి విజయవాడలో అమ్మినా ముందు చేయాల్సిన పని ఒకటే.

ఈ కన్సోళ్ల మెనూలు తెలుగులో ఉండవు. అందుకే తెరపై కనిపించే ఇంగ్లిష్ పేర్లనే తెలుగు లిపిలో ఇస్తున్నాం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లతో ఈ పేర్లు కొద్దిగా మారుతుంటాయి.

గేమ్ వేరు, సేవ్ వేరు

ప్లేస్టేషన్ 2 రోజుల్లో ఈ తేడా కంటికి కనిపించేది. గేమ్ డిస్క్‌లో ఉండేది, సేవ్ 8 ఎంబీ మెమరీ కార్డులో ఉండేది. ఇప్పుడు రెండూ కన్సోల్ లోపలి స్టోరేజ్‌లోనే ఉంటున్నాయి. చోటు ఒకటే అయినా ఇప్పటికీ అవి వేర్వేరు ఫైళ్లే.

పెద్ద గేమ్ ఒక్కటే 100 జీబీ దాటవచ్చు. దాని సేవ్ డేటా మాత్రం చాలావరకు కొన్ని ఎంబీలే. అంటే సేవ్ డేటా తీసేస్తే మీకు దాదాపు చోటేమీ రాదు. చోటు కావాలంటే తీయాల్సింది గేమ్‌నే.

డిజిటల్‌గా కొన్న గేమ్‌ను తీసేసినా అది మీ ఖాతాలోని లైబ్రరీలో ఉంటుంది. మళ్లీ డబ్బు కట్టకుండా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. డిస్క్ గేమ్ అయితే డిస్క్ పెట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. సేవ్ అలాగే ఉంటే, ఆపిన చోటి నుంచే ఆట మొదలవుతుంది.

అయితే తీసేసే ముందు మీ ఇంట్లో ఇంటర్నెట్ ఎలాంటిదో చూసుకోండి. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్‌తో 100 జీబీ గేమ్‌ను మళ్లీ దించాలంటే 50 రోజుల డేటా కావాలి. ఫైబర్ కనెక్షన్ లేనివారికి యూఎస్‌బీ హార్డ్ డిస్క్ మేలు. పీఎస్4, పీఎస్5లకు కనీసం 250 జీబీ ఉన్న యూఎస్‌బీ 3.0 డిస్క్ కావాలి. పీఎస్4 గేమ్‌లను అందులోంచే ఆడవచ్చు. పీఎస్5 గేమ్‌లను అందులో దాచుకోవచ్చు కానీ, ఆడేటప్పుడు తిరిగి కన్సోల్‌లోకి తెచ్చుకోవాలి.

గేమ్ మాత్రమే తీసేయాలంటే?

పీఎస్4: గేమ్ బొమ్మపై ఆగి, రిమోట్‌పై ఉన్న ఆప్షన్స్ బటన్ నొక్కి ‘డిలీట్’ ఎంచుకోండి.

పీఎస్5: సెట్టింగ్స్ > స్టోరేజ్ > కన్సోల్ స్టోరేజ్ > గేమ్స్ అండ్ యాప్స్. ఏ గేమ్ ఎంత చోటు తీసుకుందో ఇక్కడే కనిపిస్తుంది. వద్దనుకున్న వాటిని టిక్ చేసి తీసేయండి.

ఎక్స్‌బాక్స్: మై గేమ్స్ అండ్ యాప్స్‌లో గేమ్ ఎంచుకుని, మెనూ బటన్ నొక్కి అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

స్విచ్: గేమ్‌పై ప్లస్ బటన్ నొక్కి, మేనేజ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లండి. ‘ఆర్కైవ్’ అంటే గేమ్ పోయినా దాని బొమ్మ తెరపై ఉంటుంది. ‘డిలీట్’ అంటే బొమ్మ కూడా పోతుంది. రెండింటిలోనూ సేవ్ డేటా అలాగే ఉంటుంది.

సేవ్ డేటాను ఎక్కడ దాచుకోవాలి?

పీఎస్4లో సెట్టింగ్స్ > అప్లికేషన్ సేవ్డ్ డేటా మేనేజ్‌మెంట్‌లోకి వెళ్తే సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. దీనికి నెలవారీ చందా ఏమీ అక్కర్లేదు.

పీఎస్5లో ఈ సౌకర్యం పీఎస్4 గేమ్‌ల సేవ్‌లకే ఉంది. పీఎస్5 గేమ్‌ల సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లవు. వాటిని క్లౌడ్‌లో దాచాలంటే ప్లేస్టేషన్ ప్లస్ చందా ఉండాలి. చందా లేకపోయినా ఇంట్లో ఇంకో పీఎస్5 ఉంటే, రెండింటినీ ఒకే నెట్‌వర్క్‌లో పెట్టి డేటా ట్రాన్స్‌ఫర్ ద్వారా అటు మార్చుకోవచ్చు. కాబట్టి పాతది అమ్మి కొత్తది కొనేవారు, కొత్తది చేతికి వచ్చాకే పాతది ఇవ్వడం మంచిది.

ఎక్స్‌బాక్స్ ఇంటర్నెట్‌లో ఉంటే సేవ్‌లు చందా లేకుండానే క్లౌడ్‌లోకి వెళ్తాయి. కానీ సేవ్ డేటా తీసేటప్పుడు రెండు ఆప్షన్లు అడుగుతుంది. ఈ కన్సోల్ నుంచి మాత్రమే తీసేయడం ఒకటి. ‘డిలీట్ ఎవ్రీవేర్’ రెండోది. ఈ రెండోది నొక్కితే క్లౌడ్‌లోది కూడా పోతుంది.

భారత్‌లో నింటెండో స్విచ్‌ను కంపెనీ అధికారికంగా విడుదల చేయలేదు. అమెరికా నుంచి బంధువులు తెచ్చినదో, దిగుమతి చేసుకున్నదో అయి ఉంటుంది. స్విచ్‌లో మెమరీ కార్డు తీసి పెట్టుకున్నంత మాత్రాన సేవ్‌లు దక్కవు. గేమ్‌లు కార్డులో ఉన్నా సేవ్‌లు కన్సోల్ లోపలే ఉంటాయి. క్లౌడ్‌లో దాచాలంటే నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందా కావాలి. అదీ అన్ని గేమ్‌లకూ పనిచేయదు.

మరో జాగ్రత్త. ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే కన్సోల్‌లో ఆడుతుంటే ఎవరి ప్రొఫైల్ సేవ్‌లు వారివే. ఒకరి యూజర్ ప్రొఫైల్‌ను తీసేస్తే కన్సోల్‌లో ఉన్న వారి సేవ్‌లన్నీ పోతాయి.

అమ్మే ముందు ఏ వరుసలో చేయాలి?

1. సేవ్ డేటాను పైన చెప్పినట్టు దాచుకోండి. స్క్రీన్‌షాట్లు, వీడియోలు ఉంటే అవీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

2. ఖాతాలో నమోదైన బ్యాంకు కార్డు వివరాలను తొలగించండి. వ్యాలెట్‌లోని డబ్బు మీ ఖాతాతోనే ఉంటుంది, కొత్త కన్సోల్‌లో వాడుకోవచ్చు.

3. ఈ కన్సోల్ మీ ప్రధాన కన్సోల్ కాదని ఖాతాకు చెప్పండి. పీఎస్4లో అకౌంట్ మేనేజ్‌మెంట్ > యాక్టివేట్ యాజ్ యువర్ ప్రైమరీ పీఎస్4 > డీయాక్టివేట్. పీఎస్5లో యూజర్స్ అండ్ అకౌంట్స్ > అదర్ > కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే > డిసేబుల్. స్విచ్‌లో గతంలో ఈ-షాప్‌లోని ఖాతా వివరాల్లోకి వెళ్లి డీరిజిస్టర్ చేయాల్సి వచ్చేది.

4. ఇప్పుడు కన్సోల్‌ను పూర్తిగా రీసెట్ చేయండి. పీఎస్4లో ఇనీషియలైజేషన్ > ఇనీషియలైజ్ పీఎస్4. ఇక్కడ ‘క్విక్’ కాకుండా ‘ఫుల్’ ఎంచుకోండి. దీనికి గంటల సమయం పడుతుంది, మధ్యలో కరెంటు పోకుండా చూసుకోండి. పీఎస్5లో సిస్టమ్ > సిస్టమ్ సాఫ్ట్‌వేర్ > రీసెట్ ఆప్షన్స్ > రీసెట్ యువర్ కన్సోల్. ఎక్స్‌బాక్స్‌లో సిస్టమ్ > కన్సోల్ ఇన్ఫో > రీసెట్ కన్సోల్ > రీసెట్ అండ్ రిమూవ్ ఎవ్రీథింగ్. స్విచ్‌లో సిస్టమ్ > ఫార్మాటింగ్ ఆప్షన్స్ > ఇనీషియలైజ్ కన్సోల్.

5. యూఎస్‌బీ హార్డ్ డిస్క్, మెమరీ కార్డు కూడా ఇచ్చేస్తుంటే వాటిని విడిగా ఫార్మాట్ చేయండి.

చివరగా కన్సోల్‌ను ఒకసారి ఆన్ చేసి చూడండి. భాష ఎంచుకోమని అడిగే మొదటి తెర వస్తే పని పూర్తయినట్టే.

రీసెట్ చేయకుండానే ఇచ్చేశారా?

కంగారు పడకండి, కానీ ఆలస్యం చేయకండి. ఫోన్‌లోనే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ఖాతా తెరిచి ముందు పాస్‌వర్డ్ మార్చండి. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. తర్వాత పరికరాల జాబితాలోకి వెళ్లి ఆ కన్సోల్‌ను తొలగించండి.

పోయిన మొబైల్ ఫోన్‌ను ఐఎంఈఐ నంబరుతో సంచార్ సాథీలో బ్లాక్ చేయించే వీలుంది. గేమ్ కన్సోళ్లకు ఐఎంఈఐ ఉండదు కాబట్టి ఆ సేవ వర్తించదు. ఖాతాను కాపాడుకోవాల్సింది మీరే. ఈలోగా ఖాతా నుంచి గానీ కార్డు నుంచి గానీ డబ్బు పోతే వెంటనే బ్యాంకుకు చెప్పి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కన్సోల్‌నే దొంగిలిస్తే స్థానిక పోలీస్ స్టేషన్‌లో సీరియల్ నంబరుతో ఫిర్యాదు ఇవ్వండి. ఆ నంబరు బిల్లు మీద, డబ్బా మీద ఉంటుంది. అందుకే వాటిని పారేయకండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే?

‘కన్సోల్‌తో పాటు 20 గేమ్‌లు’ అనే ప్రకటన చూస్తే, అవి డిస్కులా, డిజిటల్ గేమ్‌లా అని అడగండి. డిజిటల్ గేమ్‌లు అమ్మేవారి ఖాతాకు చెందినవి. ఆయన పాస్‌వర్డ్ మార్చి కన్సోల్‌ను ఖాతా నుంచి తప్పిస్తే, మీ దగ్గర ఆ గేమ్‌లు తెరుచుకోవు. వాటికని ఎక్కువ ధర ఇవ్వకండి.

డబ్బు ఇచ్చే ముందు మీ ఎదుటే రీసెట్ చేయించండి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి మీ ఖాతాతో లాగిన్ అయి చూడండి. నిబంధనలు ఉల్లంఘించిన కన్సోళ్లను కంపెనీలు ఆన్‌లైన్ సేవల నుంచి నిషేధిస్తుంటాయి. ఆ సంగతి ఇక్కడే బయటపడుతుంది. దుకాణంలో కొంటే సీరియల్ నంబరు రాసిన బిల్లు తీసుకోండి. తర్వాత వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయడానికి అదే ఆధారం.

పాడైపోయిన కన్సోల్‌ను ఏం చేయాలి?

మున్సిపాలిటీ చెత్త బండిలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు-2022 జాబితాలో వీడియో గేమ్‌లు, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోళ్లు కూడా ఉన్నాయి. రిజిస్టర్ అయిన రీసైక్లర్ల ద్వారా వీటిని శుద్ధి చేయించే బాధ్యత తయారీ కంపెనీలది. కంపెనీ కస్టమర్ కేర్‌ను అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.

ఆన్ కాని కన్సోల్‌ను రీసెట్ చేయలేం. పీఎస్4 అయితే హార్డ్ డిస్క్ విడిగా ఊడి వస్తుంది. దాన్ని తీసి మీ దగ్గరే ఉంచుకుని మిగతాది ఇవ్వండి. పీఎస్5లో లోపలి స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుంది, తీయడం కుదరదు. అలాంటప్పుడు వెబ్‌సైట్ ద్వారా ఖాతా నుంచి ఆ కన్సోల్‌ను తొలగించి, పాస్‌వర్డ్ మార్చాకే చేయి దాటించండి.