ఆకలి చికిత్స నుండి ఇన్సులిన్ దాకా

మధుమేహరోగి బరువు తగ్గడానికి పాటుపడటం చరిత్రలో కొత్త సంగతి. నూరేళ్ళ క్రిందట అతని బాధ ఇందుకు విరుద్ధం. అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ అలెన్ రోగులను అర్ధాకలితో ఉంచి ఆయుష్షును కొంత పొడిగించేవారు. 1921లో ఆ దేశపు విదేశాంగమంత్రి అయిన చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ కుమార్తె ఎలిజబెత్ మూడేళ్ళు ఆ చికిత్సలో గడిపింది. 1922 ఆగస్టులో, పదిహేనవ ఏట, టొరాంటో చేరేనాటికి ఆమె తూనిక 45 పౌన్లు. అక్కడ డాక్టర్ బాంటింగ్ ఇన్సులిన్ ఇవ్వగా, ఆమె క్రమంగా కండపట్టింది.

ఇన్సులిన్ కొరవడితే చక్కెర మూత్రంలో వ్యర్థమైపోతుంది. ఇన్సులిన్ అందితే అది ఒంటబట్టి, మిగిలినది కొవ్వుగా నిలుస్తుంది. మోతాదు మార్చకుండా తిండి తగ్గించినచో నెత్తురులో చక్కెర పడిపోతుంది. అప్పుడు ప్రాణరక్షణకై తీపి తినక తప్పదు. కనుక బరువు తగ్గని రోగిని జిహ్వచాపల్యమని నిందించడం న్యాయం కాదు.

సూది మానితే బరువు తగ్గే మాట నిజమే. కాని అది 1922కు పూర్వపు మృత్యుమార్గం. ఆహారాన్నీ మోతాదునూ వైద్యుని సలహాతో, కలిపి, మెల్లగా సవరించుకోవడమే శ్రేయస్కరం. ఆ సూదిని విడవని ఎలిజబెత్ 1981 వరకు, 73 ఏళ్ళు, జీవించింది.