రెండు పై ఆర్ హెచ్ వెనకున్న లాంతరు

స్థూపం ప్రక్కతల వైశాల్యం ఎంత? రెండు పై ఆర్ హెచ్. బళ్ళో బట్టీ పట్టింది, నిద్రలో లేపి అడిగినా చెప్తాం. డబ్బా చుట్టూ ఉన్న కాగితాన్ని నిలువుగా కోసి విప్పితే దీర్ఘచతురస్రం. అంతే కదా!

మరి బంతినో? విప్పలేం. ఏ వంకర తలానికైనా పనికొచ్చే నిర్వచనం కావాలి. 1868లో ఫ్రెంచి గణితవేత్త సెర్రె తన కలనగణిత గ్రంథంలో ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇది: తలం మీద చుక్కలు పెట్టి, త్రిభుజాలుగా కలిపి, వైశాల్యాలు కూడండి. త్రిభుజాలు చిన్నవయ్యేకొద్దీ ఆ మొత్తం అసలు విలువకి చేరుతుంది. వంకర గీత పొడవు కొలవడానికి ఇదే పద్ధతి చక్కగా పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

1880లో జర్మన్ గణితవేత్త హెర్మాన్ ష్వార్జ్ దీన్ని కూల్చేశాడు. దేంతోనో కాదు, మన స్థూపంతోనే! ఎత్తుని పొరలుగా, ప్రతి వలయాన్ని సమభాగాలుగా చేసి, ఒక వలయంలోని చుక్కలు పక్క వలయం చుక్కల మధ్యకి వచ్చేలా పెట్టి త్రిభుజాలు కట్టాడు. దాన్నే ష్వార్జ్ లాంతరు అంటారు. 1882లో ఇటలీలో పెయానో కూడా విడిగా ఇదే లోపం పట్టుకున్నాడు.

నమ్మబుద్ధి కాక చిన్న ప్రోగ్రాం రాశాను. వ్యాసార్ధం 1, ఎత్తు 1, అంటే రావాల్సింది 6.28. పొరలూ భాగాలూ సమానంగా పెంచితే బుద్ధిగా అదే వచ్చింది. పొరల సంఖ్యని భాగాల వర్గం చేస్తే 31.6 దగ్గర ఆగింది. ఘనం చేస్తే 100 భాగాలకే సుమారు 3,100, ఇంక ఆగేదే లేదు! నా కోడ్‌లో బగ్ అనుకుని గంటసేపు వెతికాను. బగ్ నిర్వచనంలో ఉంది. చుక్కలన్నీ గోడ మీదే ఉన్నా, త్రిభుజాలు మాత్రం హార్మోనియం తిత్తి మడతల్లా అడ్డంగా పడుకుంటున్నాయి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే ఆర్కిమెడీస్ ఈ గోతిలో పడలేదు. గోళం, స్థూపం గురించిన పుస్తకం మొదట్లోనే షరతు పెట్టుకున్నాడు: ఒకే అంచున్న రెండు తలాలు ఒకే వైపుకి ఉబ్బి, ఒకటి రెండోదాని లోపల ఉంటే, లోపలిదే చిన్నది. మడతల లాంతరు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. స్థూపాన్ని లోపలి, బయటి పట్టకాల మధ్య బిగించి మరీ నిరూపించాడు.

ఒకచోట పనిచేసిందని ఇంకోచోట అతికించేయడం సెర్రెకి మాత్రమే ఉన్న జబ్బు కాదు లెండి. నేను రోజూ చేసే పనే అది.