డ్రిల్లు పీరియడు, ప్రెసిడెంటు గారి పరీక్ష

2025 జూలై 31న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఎప్పుడో ఆపేసిన ప్రెసిడెన్షియల్ ఫిట్‌నెస్ టెస్టుని స్కూళ్ళకి మళ్ళీ తెస్తున్నాం అని దాని సారాంశం. ఆ వారం మా క్లయింటు కాల్‌లో పనికంటే దీని గురించిన కబుర్లే ఎక్కువ. అటువైపు యాభై దాటిన పెద్దాయన ఒకాయన "మా రోజుల్లో జిమ్ క్లాసంటే తాడు పట్టుకుని పైకప్పు దాకా ఎక్కించేవాళ్ళు, ఇప్పటి పిల్లలకి ఫోనెత్తడమే వ్యాయామం" అని ఒకటే నిట్టూర్పు.

మనకీ ఈ పాట కొత్తేం కాదు లెండి. మన నాన్నలందరూ ఐదు కిలోమీటర్లు నడిచే బడికెళ్ళారు కదా (వానలో, చెప్పుల్లేకుండా, రానూ పోనూ ఎత్తే!). కానీ అమెరికా సంగతి తవ్వుతూ పోతే ఒక తమాషా కనిపించింది. ఆ పెద్దాయన బెంగపడుతున్న "ఆ రోజులు" ఉన్నాయే, అంతకు ముందే అక్కడి పెద్దలు మా పిల్లలు మెత్తబడిపోయారో అని గుండెలు బాదుకున్నారు. అసలు ఆ తాళ్ళూ, ఆ పరీక్షలూ పుట్టింది ఆ భయంలోంచే.

కథ మొదలైంది ఒక నడుంనొప్పి డాక్టరుతో. హాన్స్ క్రౌస్ అని ఆస్ట్రియా నుంచి వచ్చినాయన. కొండలెక్కడమంటే పిచ్చి. న్యూయార్కు ఆసుపత్రిలో సోన్యా వెబర్ అనే డాక్టరమ్మతో కలిసి ఆరు చిన్న పరీక్షలు తయారుచేశాడు. వెల్లకిలా పడుకుని కాళ్ళెత్తి పది సెకన్లు ఉంచడం, చేతులు తల వెనక పెట్టుకుని లేచి కూర్చోవడం, బోర్లా పడుకుని ఛాతీ లేపడం, మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోవడం... ఇలాంటివి. ఒక్కటి తప్పినా ఫెయిలే. బానీ ప్రుడెన్ అనే వ్యాయామ శిక్షకురాలితో కలిసి వీటిని అమెరికా పిల్లలకీ, ఇటలీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు పిల్లలకీ పెట్టాడు. 1950ల మొదట్లో అచ్చయిన లెక్క ఇది: అమెరికాలో నాలుగు వేల పైచిలుకు పిల్లల్లో 57.9 శాతం కనీసం ఒకదాంట్లో తప్పారు. యూరప్ పిల్లల్లో తప్పింది 8.7 శాతం.

ఇక చూస్కోండి! కొరియా యుద్ధం అప్పుడే ముగిసింది, రష్యాతో పోటీ నడుస్తోంది, దేశం నిండా కార్లూ టీవీలూ. పైగా యుద్ధంలో చితికిపోయిన యూరప్ పిల్లలు మనవాళ్ళకంటే గట్టిగా ఉన్నారంటే ఎలా ఉంటుంది? 1955 జూలైలో ఐసెన్‌హోవర్ వైట్‌హౌస్‌లో భోజనానికి పిలిచి మరీ ఈ లెక్క విన్నాడు. (తర్వాత సెప్టెంబరులో ఆయనకే గుండెపోటొచ్చింది, పెట్టాలనుకున్న సదస్సు వాయిదా పడింది.) 1956 జూలైలో యువత ఫిట్‌నెస్ కోసం అధ్యక్షుడి కౌన్సిల్ ఏర్పడింది.

ఇక్కడ మన బుర్రకి తట్టాల్సిన విషయం ఒకటుంది. ఆ ఆరింట్లో పరుగు లేదు, గస పెట్టేదేదీ లేదు. అది నడుం ఎంత గట్టిగా ఉంది, ఎంత వంగుతోంది అని చూడ్డానికి పుట్టిన పరీక్ష. అమెరికా పిల్లలు ఎక్కువగా తప్పింది కూడా కాలివేళ్ళు అందుకోవడం దగ్గరే. పేషెంట్ల కోసం రాసిన స్క్రిప్టుని తీసుకెళ్ళి దేశం మొత్తం మీద ప్రొడక్షన్లో రన్ చేసి, వచ్చిన ఎర్రర్లన్నీ చూసి సిస్టమే పోయింది అన్నట్టు. అయినా ఆ తప్పుడు కొలత వల్ల మంచి పనులు కొన్ని జరిగాయి.

కెనెడీ ప్రమాణస్వీకారం కూడా చెయ్యకముందే, 1960 డిసెంబరులో స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్‌లో అమెరికన్లు మెత్తబడ్డారంటూ వ్యాసం రాశాడు. పదవిలోకి వచ్చాక ఒక్లహోమా ఫుట్‌బాల్ కోచ్ బడ్ విల్కిన్సన్‌ని పిలిచి ఫిట్‌నెస్ పని అప్పజెప్పాడు. ప్రతి స్కూల్లో రోజుకి కనీసం 15 నిమిషాలు పిల్లలు గట్టిగా ఒళ్ళు వంచాలని సిఫార్సు చేశారు. అన్నట్టు, దేశాన్ని గట్టిపరుస్తానన్న ఆ కెనెడీకే నడుంనొప్పి ప్రాణాంతకంగా ఉండేది. 1961 చివర్లో గుట్టుగా పిలిపించి వైద్యం చేయించుకున్నది ఎవరి దగ్గరనుకున్నారు? మన హాన్స్ క్రౌస్ దగ్గరే.

అప్పుడు అందరూ వేలెత్తి చూపించిన స్కూలు కాలిఫోర్నియాలో కార్మైకేల్ ఊళ్ళోని లా సియెరా హైస్కూలు. స్టాన్ లెప్రోటీ అనే కోచ్ అక్కడ పెట్టిన పద్ధతి ఇప్పుడు వీడియోల్లో చూసినా కళ్ళు తిరుగుతాయి. మగపిల్లలు చొక్కాల్లేకుండా వరసల్లో నిలబడి బార్లు, తాళ్ళు, మేకుల బోర్డులు కోతుల్లా ఎక్కేస్తుంటారు. నిక్కర్లకి రంగులుండేవి. తెల్లదానితో మొదలు, పరీక్ష దాటితే ఎర్రది, ఆపైన నీలం, ఊదా, బంగారు రంగు. ఈ వీడియోలు పంచుకుంటూ అందరూ రాసేది ఒకటే మాట: అబ్బ, ఏం కండలో!

నాకు కండలకంటే రెండు సంగతులు ముఖ్యం అనిపించాయి. క్లాసు రోజూ ఉండేది. ఎవడి స్థాయి వాడిది, పైరంగు ఎలా వస్తుందో ముందే తెలుసు. తెల్ల నిక్కరువాడు బంగారు నిక్కరువాడితో పోటీ పడక్కర్లేదు, ఎర్రదాని కోసం పాకులాడితే చాలు.

మరి దేశం మొత్తానికి చేరిందేంటి? పీరియడు కాదు, పరీక్ష. 1958లో వచ్చిన జాతీయ టెస్టులో పుల్లప్స్, సిట్టప్స్, షటిల్ రన్, లాంగ్ జంప్, 50 గజాల పరుగు, సాఫ్ట్‌బాల్ విసరడం, 600 గజాల పరుగు-నడక ఉండేవి. 1966లో జాన్సన్ అధ్యక్షుడిగా ఉండగా అవార్డు పెట్టారు. అది రావాలంటే అన్నిట్లోనూ 85వ పర్సెంటైల్ దాటాలి. చదువు రాష్ట్రాల సబ్జెక్టు కాబట్టి రోజూ క్లాసు పెట్టండి అని వాషింగ్టన్ ఆజ్ఞాపించలేదు. బ్యాడ్జీలు మాత్రం పంచగలదు. క్లాసుకి టీచరూ స్థలమూ టైమూ కావాలి, పరీక్షకి ఒక విజిలు చాలు. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మనకి ఇది విడమర్చి చెప్పాలా? సిలబస్ చెప్పకుండా పరీక్ష పెడితే ముందే వచ్చినవాడు పాసవుతాడు, మిగిలినవాడికి దక్కేది నలుగురిలో సిగ్గు. బార్ పట్టుకుని ఒక్క పుల్లప్ కూడా చెయ్యలేక వేలాడిన జ్ఞాపకం అమెరికాలో ఆ తరంలో ఎంతమందికి ఉందో!

చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఫిల్ లాలర్ అనే పీఈ టీచరు పిల్లలకి హార్ట్‌రేట్ మానిటర్లు తగిలించి పరిగెత్తించడం మొదలుపెట్టాడు. ఒకసారి ఆరో తరగతి అమ్మాయికి మానిటరు తగిలించాడు. ఆటల్లో చురుకైన పిల్ల కాదు. నెమ్మదిగా పరిగెడుతోంది. రీడింగ్ చూస్తే సగటున 187, గీత దాటేటప్పుడు 207! స్టాప్‌వాచీ ప్రకారం వెనకబడ్డ పిల్ల, గుండె ప్రకారం ప్రాణం పెట్టి పరిగెత్తింది. ఇన్నేళ్ళుగా ఇలాంటి పిల్లలకి తక్కువ మార్కులేశానే అనుకుని ఆయన మార్కులిచ్చే పద్ధతే మార్చేశాడు. పాత టెస్టుని 2012-13 ప్రాంతంలో ఆపి, ర్యాంకు కాకుండా ఆరోగ్యం కొలిచే పద్ధతికి మారడం వెనక ఉన్న ఆలోచనా ఇలాంటిదే.

అలా అని పెద్దాయన నిట్టూర్పుని కొట్టిపారేయలేం. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకుడు గ్రాంట్ టామ్‌కిన్సన్ 28 దేశాల పిల్లల పరుగు రికార్డులు కలిపి చూపించాడు. ముప్ఫయ్యేళ్ళ కిందటి పిల్లలకంటే ఇప్పటివాళ్ళు మైలు పరిగెత్తడానికి సుమారు 90 సెకన్లు ఎక్కువ తీసుకుంటున్నారట. ఊపిరి తగ్గిన మాట నిజమే.

మన వైపు చూస్తే, మద్రాసులో 1920లో హారీ క్రో బక్ మొదలుపెట్టిన వైఎంసీఏ వ్యాయామ కళాశాల దగ్గర్నుంచి స్కూళ్ళలో డ్రిల్లు మాస్టార్లకి పెద్ద చరిత్రే ఉంది. మా జిల్లా పరిషత్ హైస్కూల్లోనూ ఒక డ్రిల్లు మాస్టారుండేవారు. ఈల వినపడిందంటే వేపచెట్టు కింద కబుర్లన్నీ బంద్. గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు, తర్వాత కబడ్డీ కూత. పదో తరగతి వచ్చేసరికి ఆ పీరియడుని లెక్కల మాస్టారు లాగేసుకున్నారు. ఇంటర్లో నేను చదివిన కాలేజీ ఒక అపార్టుమెంటు. మేం పరిగెత్తింది స్టడీ అవర్ బెల్లు కొట్టినప్పుడు మెట్ల మీదే.

ఆ మెట్లెక్కిన మనవాళ్ళే హైటెక్ సిటీకి వచ్చి కూర్చున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి వాళ్ళు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ఫలితాలు అచ్చేశారు. 84 శాతం మంది లివర్లో కొవ్వు ఎక్కువుంది. ఇదంతా డ్రిల్లు పీరియడు పోయినందుకే అనను. నైట్ షిఫ్టులు, బిర్యానీలు, కుర్చీ, అన్నీ దోషులే. కానీ పదిహేనో ఏట ఒంటికి పట్టాల్సిన అలవాటు మనకి ఎక్కడ పట్టింది చెప్పండి?

2019 ఆగస్టు 29న మన దేశంలోనూ ఫిట్ ఇండియా మొదలైంది. స్కూలు పిల్లలకి ఖేలో ఇండియా పరీక్షలున్నాయి: 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు-నడక, పుషప్స్, పార్షియల్ కర్ల్-అప్స్, కూర్చుని కాలివేళ్ళు అందుకోవడం. ఈ జాబితా ఎక్కడో విన్నట్టుంది కదూ? మార్కులు యాప్‌లోకి ఎక్కిస్తారు. మా ఊరి గ్రౌండులో మాత్రం ఇప్పుడు సగం మేర అదనపు తరగతి గదులున్నాయి, కాబట్టి 600 మీటర్లంటే ఎన్ని రౌండ్లో లెక్క మళ్ళీ వేసుకోవాలి.