టెంకి ముల్లు – దాని వైద్యచరిత్ర

పూరీ, గోపాలపురము తీరములందు తరతరములుగా వలవేసి జీవించుచున్న తెలుగువారి పూర్వులు విశాఖ, శ్రీకాకుళ ప్రాంతపు సముద్రతీరమునుండి వచ్చినవారు. ఒడియావారు వీరిని నోలియాలందురు. 1936లో రాష్ట్రపు టెల్లలు మారినను వీరి వలలలోని చేపలకు తెలుగు పేర్లు పోలేదు. వానిలో జాగ్రత్తతో పలుకవలసినవి రెండు: టెంకి, జెల్ల.

టెంకిని టేకు అనియు నందురు. పళ్ళెమువంటి దేహము, కొరడావంటి తోక, ఆ తోకపై రంపపు పండ్లుగల ముల్లు. పండ్లు వెనుకకు వాలియుండుటచే గ్రుచ్చుకొన్న ముల్లు వెలికి వచ్చునపుడు మాంసమును చీల్చును. దానిని కప్పియున్న పలుచని పొర చినిగి విషము గాయమున దిగును. ఇసుకలో నొదిగియున్న దీనిని త్రొక్కినవానికి చీలమండపై దెబ్బ తగులును. జెల్లకు వీపుపై నొకటి, రొమ్ము రెక్కలకు రెండు ముండ్లు. అది వలనుండి చేపను విడదీయువాని చేతిని పట్టును.

మన ప్రాచీనులు దీని నెరుగకపోలేదు. సుశ్రుతసంహిత కల్పస్థానము జంతువిషములకు 16 స్థానములను చెప్పి, వానిలో ఎముకను చేర్చి, అందు చేపముల్లును లెక్కించినది.

అటుపిమ్మట మనకు దగ్గరి సాక్ష్యము విశాఖపట్టణమునందే కలదు. ఈస్టిండియా కంపెనీ కొలువున నున్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్ అచ్చట సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రములను 1803లో రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆయన చేసిన మేలేమనగా, జాలరుల నోట విన్న తెలుగు పేర్లను వదలక వ్రాసికొనుట. ‘టెంకి’ అందున్నది. ‘తిమిరి’యు నున్నది, తాకినవానికి తిమ్మిరి యెక్కించునది గనుక ఆ పేరు తగియున్నది, కాని దాని బలము విషము కాదు, విద్యుత్తు. ఆయన వ్రాసిన ‘వోల్గ టెంకి’ నుండియే 1841లో జర్మను పండితులు ముల్లర్, హెన్లెలు ఒక జాతికి ‘వాల్గ’ యను శాస్త్రనామ మొసగిరి. మన జాలరి మాట నేటికిని ప్రపంచ శాస్త్రగ్రంథములలో నిలిచియున్నది.

చికిత్సకు ప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికాది. 1608లో చెసపీక్ అఖాతమున కెప్టెన్ జాన్ స్మిత్ టెంకి దెబ్బ తినెను. చేయి, భుజము వాచి, అతడు బ్రదుకడని తోడివారు గోతిని గూడ త్రవ్విరి. వాల్టర్ రస్సెల్ అను వైద్యుడు ఒక తైలము పూసెను. ఆ రాత్రికే స్మిత్ కోలుకొని, తన్ను కొట్టిన చేపనే భుజించెను! ఆ తావునకు నేటికిని టెంకి పేరే. తైలమునకు కీర్తి వచ్చినది గాని, నా తలంపున అది కాలము చేసిన పని. ఈ నొప్పి గంటసేపటిలో పెచ్చు పెరిగి, పిదప గంటలకొలది తగ్గుచు పోవును. కొందరికి రెండు దినములు పట్టును. కాబట్టి ఆ నడుమ ఏది పూసినను మందే యనిపించును. తీరమున మనవారు వేయు పట్టులు, పసరుల సంగతియు నింతియే.

వేడినీరు అట్టిది కాదు. అది త్వరగా పనిచేయుటయే దాని ఋజువు. 1950 దశకమున కాలిఫోర్నియాలో ఈ గాయములను పరిశోధించిన ఫిండ్లే రస్సెల్ (ముగ్గురి యింటిపేరు నొకటే యగుట వింత) వేడినీటిని గట్టిగా చెప్పెను. 2007లో అచ్చటి వైద్యులే 119 మంది రోగుల వివరములు ప్రకటించిరి; తొలుత వేడినీరు మాత్రమే వాడినవారిలో 88 శాతమునకు వేరు మందు లేకయే నొప్పి తీరెను. టెంకి విషములోని మాంసకృత్తులు వేడిమికి చెడును. వేడి నొప్పి నరములనుగూడ మందగింపజేయునని కొందరందురు. రాతిచేప విషమునకు ఆస్ట్రేలియాలో 1959లో విరుగుడు సిద్ధమైనది. టెంకికి అట్టిది అమ్మకమున లేదు.

బడిలో పాముకాటు పాఠము చెప్పునపుడు నేను దీనిని గూడ చెప్పుచుందును. గాయమును కడిగి, సుమారు 45 డిగ్రీల వేడినీట 30 నుండి 90 నిమిషము లుంచవలెను. నీటివేడిని దెబ్బతగలని కాలితో చూడవలెను. నొప్పిగల కాలు కాలినను తెలియదు. త్రాడు బిగింపరాదు. ముల్లుముక్క లోపల మిగిలిన కుళ్ళు పట్టును గనుక వైద్యుని చూపి, ధనుర్వాతపు సూది వేయించుకొనవలెను. రొమ్మునగాని కడుపునగాని దిగిన ముల్లును మాత్రము లాగక ఆసుపత్రికి చేర్చవలెను. 2006లో స్టీవ్ ఇర్విన్ మరణించినది రొమ్ముదెబ్బ వలననే.

మరపడవలో పొయ్యి యుండును. తెప్పపై పోవువానికి ఒడ్డు చేరువరకు వేడినీరు దొరకదు. కనుక ఇంటివారు కుండ పొయ్యిమీద పెట్టియుంచినచో ఆ కొలది ఆలస్యమైనను తప్పును.