వీశెలోని నూటయిరువది

1970 వఱకు నెల్లూరు మండలమునఁ జేరియుండిన పొదిలి ప్రాంతమున, మదరాసు రాజధానిలోఁ బెక్కుచోట్ల వలెనే, తూనికకు వీశెయే యాధారముగ నుండెను. వీశెకు నలువది పలములు, పలమునకు మూఁడు తులములు, వెరసి 120 తులములు. సగపఱచిన 60, పదలమునకు 30, ఏబలమునకు 15 తులములు నిశ్శేషముగ వచ్చుచుండఁగా, మిరపకాయలను మువ్వురు పంచుకొన్నను, అయిదుగురు పంచుకొన్నను, తులమును ఖండింపవలసిన పని లేకుండెను.

120 నకు భాజకములు 16. పదునాఱు భాజకములు గల సంఖ్యలలో నిదియే కనిష్ఠము. ఆ భాజకముల మొత్తము 360, అనఁగా దానికి సరిగా మూఁడు రెట్లు. ఈ గుణము గలవానిలోను నిదియే మొదటిది. ఎంత మనోహరమైన సంఖ్య! త్రాసు పట్టినవారు దీనిని సూత్రముగ నెఱుఁగకున్నను, చేతితో నెఱిఁగిరని నా విశ్వాసము.

1956 నాటి తూనికల చట్టముతోఁ గ్రమముగఁ గిలోగ్రాము వచ్చినది. దాని 1000 గ్రాములకును భాజకములు 16 యే. కాని వానిలో మూఁడు లేదు, మువ్వురు పంచుకొన్న నొక గ్రాము మిగులును.