ఆగిన గుండె, ఆగకూడని నెత్తురు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎవరి గుండైనా ఉన్నట్టుండి ఆగిపోతే, ఆసుపత్రి ఎంత దూరమన్నదే మొదట గుర్తొస్తుంది. నెత్తురు అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే ఆ కాస్త సమయంలో నెత్తురును నడిపేదెవరన్నదే అసలు ప్రశ్న. జర్మన్ వైద్యుడు ఫ్రెడరిక్ మాస్ ఛాతీని పైనుంచి నొక్కి ప్రాణం నిలిపిన సంగతి 1890ల తొలినాళ్లలోనే రాసినా వైద్యలోకం పట్టించుకోలేదు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఛాతీ కోసి గుండెను చేత్తో పిసకడమే పద్ధతి కావడంతో ఆ చికిత్స ఆపరేషన్ గది దాటలేదు. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్య సంస్థకు చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ఛాతీ నొక్కే పద్ధతిని లోకం ముందు పెట్టాకే అది ఎవరైనా, ఎక్కడైనా చేయగల పనైంది.

అయితే ఎంత బాగా నొక్కినా మామూలు ప్రవాహంలో పావు నుంచి మూడో వంతు నెత్తురే కదులుతుంది. దాన్ని పెంచడమెలా అన్నదే ఆ తర్వాతి పరిశోధన అంతా. గుండె కండరానికి నెత్తురు చేరేది ప్రధానంగా ఛాతీని వదిలినప్పుడని తేలింది. ఆ ప్రవాహాన్ని నడిపే పీడనం 15 మిల్లీమీటర్ల పాదరసానికి చేరని రోగుల్లో గుండె తిరిగి కొట్టుకోలేదని 1990లో పరిశోధకుడు పారడిస్ బృందం చూపింది. చేతులు ఆపగానే ఈ పీడనం పడిపోతుంది, మళ్లీ కూడగట్టాలంటే చాలాసార్లు నొక్కాలి. అందుకే 2005లో అంతర్జాతీయ మార్గదర్శకాలు 15 నొక్కులకు రెండు శ్వాసలన్న లెక్కను 30కి రెండుగా మార్చాయి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతున నొక్కి, ప్రతిసారీ ఛాతీని పూర్తిగా లేవనివ్వాలన్న నియమం వెనకా ఈ కారణమే ఉంది.

యంత్రాలు ఇంతకన్నా మేలు కదా అనవచ్చు. ఛాతీ నొక్కే యంత్రాలపై 2014, 2015లలో వెలువడిన పెద్ద అధ్యయనాల్లో అవి చేతుల కన్నా ఎక్కువమందిని బతికించలేదు. మందు సంగతి చూస్తే, 2018 నాటి బ్రిటన్ అధ్యయనంలో అడ్రినలిన్ ఇచ్చినవారిలో 3.2 శాతం, ఇవ్వనివారిలో 2.4 శాతం నెల తర్వాత బతికున్నారు. మెదడు బాగా పనిచేస్తూ బయటపడ్డవారి విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ సంగతి వేరు. లయ తప్పి వణికే గుండెకు అది తప్పనిసరి. అయినా అది వచ్చేదాకా గుండె కండరానికి నెత్తురు అందించేది చేతులే.

మన జిల్లాలకు ఈ చరిత్ర చెప్పేది ఇదే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ పల్లెలకూ చేరింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇవన్నీ అవసరమే గానీ, అమ్రాబాద్ అడవి అంచు చెంచు పెంటకు (గూడేనికి) నాలుగు నిమిషాల్లో చేరే అంబులెన్స్ ఏదీ ఉండదు. అది వచ్చేదాకా ఛాతీ నొక్కాల్సింది పక్కనున్నవారే. తెలియనివాళ్లు నొక్కితే పక్కటెముకలు విరుగుతాయన్న భయం నిజమే. కానీ విరిగిన ఎముక అతుకుతుంది, నెత్తురందక చచ్చిన మెదడు కోలుకోదు. బావిలో, చెరువులో మునిగినవారికి, పిల్లలకు నొక్కడంతోపాటు శ్వాస కూడా ఇవ్వాలి కాబట్టి శిక్షణ అందుకు తగ్గట్టుండాలి. 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఛాతీ నొక్కి, శ్వాస ఇచ్చే ఈ పద్ధతిలో (సీపీఆర్) శిక్షణ మొదలుపెట్టింది. దాన్ని ఆశా కార్యకర్తలకు, ఉపాధి హామీ మేట్లకు, ఆర్టీసీ కండక్టర్లకు, ఉన్నత పాఠశాల పిల్లలకు ఏటా నేర్పే చదువుగా మార్చడమే ఇక చేయాల్సిన పని.