బాంజో ఎవరిది?



అమెరికాలో అక్టోబర్ వస్తే కుటుంబ వ్యవసాయ క్షేత్రాల్లో పంట పండుగలు జరుగుతాయి. గుమ్మడికాయల రాశులు, చిన్న వేదిక, దానిమీద బాంజో. చూసేవాళ్లు చాలామంది బాంజోను తెల్ల రైతుల వాయిద్యం అనుకుంటారు. కానీ అది ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు సొరబుర్రతో చేసుకున్న వాయిద్యం. అది వాళ్లతోనే ఆఫ్రికా నుంచి వచ్చిందని వందలమందిని బానిసలుగా ఉంచుకున్న థామస్ జెఫర్సనే 1780లలో రాశాడు.

బానిసత్వ కాలంలో దక్షిణాది రాష్ట్రాల్లో శరత్కాలపు పెద్ద వేడుక మొక్కజొన్న ఒలుపు. చుట్టుపక్కల తోటల బానిసలు రాత్రిపూట చేరేవాళ్లు. రెండు జట్లుగా పోటీ. కంకుల గుట్ట మీద నిలబడి ఒకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటూ పొట్టు ఒలిచేవాళ్లు. ఆ తర్వాత విందు, ఆట. దొర కుటుంబం కూర్చుని చూసేది. వాళ్లకది వినోదం, వీళ్లకు పగటి చాకిరీ మీద రాత్రి చాకిరీ. అయినా ఆ పాటల్లోనే దొరను ఎగతాళి చేశారు.

1843లో న్యూయార్క్‌లో నలుగురు తెల్లవాళ్లు ముఖాలకు నల్లరంగు పూసుకుని, వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ పేరుతో బాంజో మోగించారు. వాయిద్యం, డబ్బు వాళ్లవయ్యాయి. నల్లవాళ్లకు వెక్కిరింత మిగిలింది.

2005లో కరోలినా చాక్లెట్ డ్రాప్స్ అనే యువ నల్ల కళాకారుల బృందం పుట్టింది. వృద్ధ నల్ల ఫిడేలు కళాకారుడు జో థాంప్సన్ దగ్గర నేర్చుకుని, బాంజోను మళ్లీ చేతికి తీసుకుంది. 2011లో గ్రామీ గెలిచింది.

ఊరి జాతరకు డప్పు కావాలి, కొట్టే మాదిగ మాత్రం గుడి బయటే ఉండాలి అన్న ఊళ్లు మనవి. ఆ డప్పునే ఆత్మగౌరవ గొంతుగా మార్చుకున్నాం. అందుకే బాంజో చరిత్ర మనం చదవాలి.